ఇసుక మీద బాగానే నడిచింది

లారీ బకింగ్‌హాం కాలువ గట్టు మీద ఆగింది. జనవరి నెల, ఉదయం ఆరున్నర. ఎదురుగా కాలువ. కాలువ అవతల ఇసుక మేట. మేట మీద సరుగుడు తోపు. తోపు వెనక సముద్రం ఉంది గానీ కనబడటం లేదు, చప్పుడే వినబడుతోంది. ఆ చప్పుడు నాకు కొత్త కాదు. అక్కడికి ఉత్తరంగా కొద్ది దూరంలోనే జువ్వలదిన్నె. నేను పుట్టిన ఊరు.

సైన్యంలో చేరినవాడికి సొంత ఊరి పక్కన పోస్టింగ్ రావడమంటే లాటరీ తగిలినట్టే. నాకు తగిలింది. ఆరు కుంటి గుర్రాలతో కలిపి తగిలింది.

ముందే చెప్పేస్తున్నాను, ఇందులో తుపాకి పేలదు. బోగోలు టీ అంగట్లో కూర్చుంటే జనం "ఎంతమందిని కాల్చినావన్నా?" అని అడుగుతారు. ఒక్కణ్ణీ కాల్చలేదు. బరువులు మోసే గుర్రాల యూనిట్‌లో పనిచేశాను. లారీ ఎక్కలేని కొండల మీద కూడా మన పోస్టులు ఉంటాయి. వాటికి కిరోసిన్, బియ్యం, మందుగుండు గుర్రాలే మోస్తాయి. గుర్రం ముందు నేను నడుస్తాను. అంతే నా యుద్ధం. వింటే వినండి, లేకపోతే టీ తాగి వెళ్లండి.

ఆ ఆరింటిలో ఒకటి నాది. నాది అంటే ప్రభుత్వానిదే, కానీ నాలుగు శీతాకాలాలు దాని పగ్గం నా చేతిలోనే ఉంది. పేరు బుల్బుల్. గోధుమరంగు ఆడగుర్రం, నుదుటి మీద బొట్టంత తెల్ల మచ్చ. పైకి కిరోసిన్ మోసేది. ఒకసారి కిందికి మా సెక్షన్ వంటవాణ్ణి మోసింది. ఊపిరితిత్తుల్లో నీరు చేరి పోస్టులోనే పోయాడు పాపం. ఆ దిగుడంతా మంచు, రాళ్లు. ఒక్కసారి కూడా దాని కాలు జారలేదు. శవాన్ని మోస్తున్నట్టు దానికి తెలుసని మావాళ్లు అంటారు. అది నాకు తెలియదు. జారలేదన్నది మాత్రం కళ్లారా చూశాను.

దాని జబ్బు ముందు కాళ్లలో. గిట్ట లోపల ఒక ఎముక ఉంటుంది. గోరు కింద కండ అంటుకుని ఉన్నట్టు ఆ ఎముక గిట్టను అంటుకుని ఉంటుంది. వాపు వస్తే ఆ పట్టు సడలిపోతుంది. మీదున్న బరువుకు ఎముక మొన కిందికి తిరుగుతుంది. గోరు కిందికి పుల్ల దిగితే మీకు ఎట్లా ఉంటుందో, దానికి అడుగడుక్కీ అట్లా ఉంటుంది. లారీ దిగి గట్టు మీద నిలబడినప్పుడు బుల్బుల్ వెనక కాళ్లు పొట్ట కిందికి తెచ్చుకుంది. ముందు కాళ్లు చాచి, ఒళ్లంతా వెనక్కి వేసి నిలబడింది. ముందు గిట్టల మీద బరువు పడకుండా అది కనిపెట్టుకున్న ఉపాయం అది.

కొండెక్కలేని గుర్రాన్ని ఏం చేస్తారు? అమ్మరు. అమ్మితే ఏ బండివాడి చేతిలోనో పడి చచ్చేదాకా బండి లాగుతుంది. అందుకని ఆఫీసర్ల బోర్డు కూర్చుంటుంది. ఏదో ఒక పనికి వస్తుందంటే ఉంచుతారు. ఇక బాగుపడదంటే ఇంజెక్షన్ ఇచ్చి చంపేస్తారు. దయతో పెట్టిన రూలే. ఆ దయ మీద నాకు ఎప్పుడూ కోపమే.

బోర్డుకు పంపే ముందు ఈ ఆరింటినీ కొన్నాళ్లు తన చేతికి ఇమ్మని అడిగి తెచ్చుకున్నది మా డాక్టర్ కెప్టెన్. పశువుల డాక్టర్. మేడమ్ అనేవాళ్లం. ముప్పై దాటి ఉండవు. గుర్రాలకు చేసే సూదుల వైద్యం, అదే ఆక్యుపంక్చర్, నేర్చుకుని వచ్చారు. పైవాళ్లకు ఆ సూదుల మీద పెద్ద నమ్మకం లేదు, కానీ కాదనలేదు. ఆర్డరు ఒకే ఒక్క పేజీ. ఉప్పునీళ్లలో నడక, మెత్తటి నేల, సూదులు. ఎండలు ముదిరేలోపు క్యాంపు ఎత్తేయాలి. ఎత్తేసే ముందు బోర్డు వచ్చి చూస్తుంది. చివరి లైను అది.

మాతో పాటు ఇంకో ముగ్గురు సిపాయిలు వచ్చారు. లాడాలు కొట్టే హవల్దార్ ఒకాయన కూడా వచ్చాడు. ఉస్తాద్ అని పిలిచేవాళ్లం. హిమాలయాల వైపు, కుమావూన్ కొండలవాడు. సర్వీసు అయిపోవచ్చింది గానీ సముద్రాన్ని చూడటం అదే మొదలు. ఒడ్డున నిలబడి, కాసిని నీళ్లు నోట్లో పోసుకుని ఉమ్మేశాడు.

"ఇన్ని నీళ్లు పెట్టి ఒక్క గుక్క తాగడానికి లేకుండా చేశాడా? మీ వైపు దేవుడికి బుద్ధి లేదురా," అన్నాడు.

గుర్రాలను పంటు మీద రెండేసి చొప్పున కాలువ దాటించాం. టార్పాలిన్ షెడ్డు వేశాం. గడ్డి మోపులు, దాణా బస్తాలు, మంచినీళ్ల ట్యాంకు, సూదుల పెట్టె, రెండు వైర్‌లెస్ సెట్లు. తోపులో ఫోను సిగ్నల్ ఉండదు. అందుకని కాలువ గట్టున ఒక సెట్టు, షెడ్డులో ఒక సెట్టు. గడ్డి నేల మీద వేస్తే దానితో పాటు ఇసుక కూడా కడుపులోకి పోతుంది. మా అక్క చేత పాత వలలు తెప్పించి సంచులు కుట్టాను. గడ్డి వాటిలో నింపి గుర్రాల మూతి ఎత్తున కట్టాం. వల కుట్టడం నేర్పిన మా నాయన చూసి ఉంటే నవ్వి చచ్చేవాడు.

ఐదింటికి నిద్రలేపు. ఆరింటికి మోకాలి లోతు నీళ్లలో నడక. ఎనిమిదికి దాణా. తొమ్మిదికి సూదులు. సాయంత్రం మళ్లీ ఇదే వరస. ఆదివారం కూడా ఇదే.

గుర్రం ఒంటి మీద సూదులకు చోట్లు ఉంటాయి. కంటికి కనబడవు. మేడమ్ మొదటి రోజు నా వేలు పట్టుకుని బుల్బుల్ వెన్ను మీద పెట్టారు. "చూడకు. వెతుకు. కండ మధ్యలో చిన్న గుంట తగులుతుంది. అదే చోటు." తగిలింది. వల ముడిలో జారుడు ఎక్కడుందో వేలికి తెలిసినట్టే తెలిసింది. చిక్కంతా పేర్లతో వచ్చింది. అన్నీ చైనా పేర్లు. ఉస్తాద్‌కు నోరు తిరగలేదు. నాకు గుర్తు నిలవలేదు.

మా నాయన పడవలో పోతూ ఒడ్డు దీపాలు చూసి ఊళ్ల పేర్లు వరసగా చెప్పేవాడు, ఉత్తరం నుంచి దక్షిణానికి. నిద్రలో లేపి అడిగినా చెప్పగలను. ఆ మాటే మేడమ్‌తో అన్నాను.

"మేడమ్, తల ఉత్తరం, తోక దక్షిణం అనుకోండి. మా తీరం మొత్తం ఈ వెన్ను మీదికి వస్తుంది."

జూలు అయిపోయే చోట, భుజం ఎముక పైఅంచు వెనక ఉన్న గుంట జువ్వలదిన్నె. అక్కణ్ణుంచి వెన్ను పక్కగా దిగుతూ పోతే ఇస్కపల్లి, రామతీర్థం, మైపాడు, కృష్ణపట్నం. చివర, నడుము తుంటితో కలిసే దగ్గర, నడి వెన్ను మీద ఉండే పెద్ద గుంట శ్రీహరికోట. గిట్టల చుట్టూ, వెంట్రుకలు ఆగిపోయి గిట్ట మొదలయ్యే అంచున ఇంకొన్ని చోట్లు ఉన్నాయి. వాటికి లంగర్లు అని పేరు పెట్టాం.

"శ్రీహరికోటలో పొడిస్తే గుర్రం ఆకాశంలోకి పోతుందా?" అన్నాడు ఉస్తాద్. మేడమ్ పకపకా నవ్వారు. వారం తిరక్కముందే ఆవిడే "బుల్బుల్‌కు ఈ రోజు మైపాడు, శ్రీహరికోట, నాలుగు లంగర్లు" అని చెప్పడం మొదలుపెట్టారు. సూదులు వేసేటప్పుడు గుర్రం తల ఉత్తరానికి ఉండేట్టు కట్టేవాణ్ణి. అవసరమేమీ లేదు. నాకు అట్లా అయితేనే చెయ్యి సరిగ్గా పోయేది.

సూది సరైన చోట దిగితే కండ దాన్ని పట్టుకుంటుంది, గాలానికి చేప ముట్టినట్టు. తర్వాత గుర్రమే చెబుతుంది. రెప్పలు సగం వాలతాయి. కింది పెదవి సడలిపోయి వేలాడుతుంది. నాలుక బయటికి వచ్చి పెదవిని నాకుతుంది. 'పెదవి జారింది' అనేవాళ్లం. జారిందంటే ఆ పూటకు నొప్పి తగ్గినట్టు. బుల్బుల్‌కు అన్నిటికన్నా త్వరగా జారేది జువ్వలదిన్నె దగ్గర. అక్కడ సూది కూడా అక్కర్లేదు, బొటనవేలితో నొక్కితే చాలు.

"నీ ఊరు దీనికి పుట్టిల్లురా," అనేవాడు ఉస్తాద్.

వెంట్రుకంత సన్నటి సూది ఇసుకలో పడితే ఏ గుర్రం గిట్టలోనో దిగుతుంది. అందుకని తీసిన సూదుల లెక్క సరిపోయేదాకా ఎవరూ కాలు కదపకూడదని రూలు. సరిపోకపోతే ఉస్తాద్ లాడం మేకులు ఏరే అయస్కాంతాన్ని తాడుకు కట్టి, తిట్టుకుంటూ ఇసుక మీద లాగేవాడు. మేమంతా ఉన్నచోటే బొమ్మల్లా నిలబడేవాళ్లం. గుర్రాలు మాత్రం మమ్మల్ని చూస్తూ గడ్డి నమిలేవి.

మా అక్క వారానికి ఒకసారి వచ్చేది. జువ్వలదిన్నెలో చేపలు కొని బోగోలు వీధుల్లో అమ్ముతుంది. మొదటిసారి వచ్చినప్పుడు బుల్బుల్ ఒంటి నిండా సూదులు చూసి గుండెల మీద చెయ్యి వేసుకుంది.

"ఏందబ్బయా ఇది? నోరు లేని జీవానికి అన్ని సూదులు పొడిచినారే! దానికి నొప్పి పుట్టదా?"

"నొప్పి పోవడానికేనక్కా."

"అట్టయితే నా మోకాళ్లకు గూడా నాలుగు పొడవమను మీ మేడమ్మని. గంపెత్తుకోని బోగోలు రోడ్డు మీద నడస్తా ఉంటే పానం పోతా ఉండాది. మళ్లీ ఇసకలోకి దిగితేనే నాకు హాయి."

మేడమ్‌కు హిందీలో చెప్పాను. "మనుషులకు పొడిచే లైసెన్సు నాకు లేదని చెప్పు," అన్నారు. అందరం నవ్వాం. అక్క బుల్బుల్ ముక్కు నిమిరి, బులుబులమ్మా అని పేరు మార్చేసి, గుప్పెడు గడ్డి పెట్టి వెళ్లిపోయింది. ఇసకలోకి దిగితేనే హాయి అన్న మాట మేం ముగ్గురం విన్నాం. విని వదిలేశాం.

ఫిబ్రవరి అంతా బుల్బుల్ ఎక్కువసేపు పడుకునే ఉండేది. నెలాఖరుకు నిలబడటం మొదలుపెట్టింది. ఒళ్లు వెనక్కి వేయకుండా, నాలుగు కాళ్ల మీదా తిన్నగా. ఒక ఉదయం నీళ్లలో నడుస్తుంటే పెద్ద అల వచ్చింది. పక్కకు దూకింది. నొప్పి ఉన్న గుర్రం దూకదు. నేను నిలబడిన చోటే తడిసిపోయి, వెర్రివాడిలా దాని మెడ పట్టుకుని ఊగాను.

మార్చిలో ఒక సాయంత్రం తడి ఇసుక మీద అది పగ్గం గుంజుకుంది. ఉస్తాద్ అప్పుడు గట్టు మీద గడ్డి దించుతున్నాడు. షెడ్డుకు పరుగెత్తి సెట్టు అందుకున్నాను.

"గట్టు, గట్టు, షెడ్డు మాట్లాడుతోంది. ఓవర్."

"చెప్పు షెడ్డు. ఓవర్."

"బుల్బుల్ పరుగెత్తింది. ఓవర్."

"మళ్లీ చెప్పు. ఓవర్."

"పరుగెత్తింది ఉస్తాద్! నా చేతిలో పగ్గం లాక్కుని పరుగెత్తింది!"

సెట్టు గరగరమంది. తర్వాత ఆయన గొంతు వచ్చింది. ఏడుస్తున్నాడని తెలుస్తూనే ఉంది. "ఓవర్ అనడం మర్చిపోయావు గాడిదా. ఓవర్."

ఆ పూట మేడమ్ తన టీలో చక్కెర మానుకుని, ఆ చక్కెర అంతా దానికే పెట్టబోయారు. ఈ జబ్బుకు తీపి విషమని తనకే గుర్తొచ్చి చెయ్యి వెనక్కి తీసుకున్నారు. "కొండకు పంపనక్కర్లేదు," అన్నారు. "బోర్డు పాస్ చేస్తే పిల్లల్ని కనే గుర్రాల ఫారానికి రాస్తాను. అక్కడ పచ్చగడ్డి ఉంటుంది. నువ్వు సెలవు పెట్టి చూడ్డానికి వెళ్లొచ్చు." నేను అప్పుడే టికెట్టు కొన్నంత సంబరపడ్డాను.

అన్నీ బాగుపడ్డాయని అనుకోకండి. అదే నెలలో మా నల్లగుర్రం పడుకుని మళ్లీ లేవలేదు. తోపు వెనక గొయ్యి తవ్వాం. ఇసుకలో గొయ్యి తవ్వడం ఎంత నరకమో తవ్వినవాడికే తెలుసు. తీసినంతా లోపలికే జారుతుంది. ఐదుగురం పొద్దుగూకేదాకా తవ్వాం. ఉస్తాద్ పార ఇసుకలో గుచ్చి, "ఇంకోసారి నా చేత ఈ పని చేయించకు భగవాన్," అన్నాడు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఆ మేట మీద గట్టి నేల అన్నదే లేదు. షెడ్డు కింద ఇసుక, దారి ఇసుక, ఒడ్డు ఇసుక. గుర్రాన్ని గట్టి నేల మీద నడిపించి చూడాలని మాలో ఒక్కరికీ తోచలేదు. ఉస్తాద్ రాళ్ల మధ్య పెరిగినవాడు. గుర్రం నడిచిందంటే నడిచినట్టే ఆయనకు. నేను ఇసుకలో పుట్టినవాణ్ణి. కాలి కింద ఇసుక ఉందన్న సంగతే నాకు పట్టదు. మేడమ్‌కు సూదుల మీద ఉన్న నమ్మకం ఎంతంటే, రోజూ బాగవుతున్న గుర్రాన్ని చూస్తూ వేరే కారణం వెతకాల్సిన పని కనబడలేదు. ఎక్స్‌రే మిషను డిపోలో ఉంది. బోర్డుతో పాటే వస్తుంది. మాకు తెలిసిన కొలత ఒకటే, పెదవి జారిందా లేదా అన్నది. అది రోజూ జారుతూనే ఉంది.

బోర్డు ఏప్రిల్‌లో వచ్చింది. ఉదయం ఏడింటికే ఎండ చుర్రుమంటోంది. ఒక కల్నల్, ఇద్దరు డాక్టర్లు, జీపులో ఎక్స్‌రే పెట్టె. కాలువకు ఇవతల, ఊరి వైపు, తుఫాను షెల్టర్ ఉంది. ఎత్తయిన స్తంభాల మీద కట్టిన భవనం, ముందు సిమెంటు చేసిన పెద్ద ఆవరణ. మామూలు రోజుల్లో ఊరివాళ్లు అక్కడ చేపలు ఎండేసుకుంటారు. నీడ ఉందని బోర్డు అక్కడే కుర్చీలు వేయించుకుంది.

సెట్టులో మేడమ్ గొంతు వచ్చింది. "షెడ్డు, గట్టు. ఇక్కడికే తీసుకురమ్మంటున్నారు. ముందు బుల్బుల్‌ను పంపు. ఓవర్."

"ఒక్క నిమిషం మేడమ్. ఓవర్."

పొద్దున్నే దాన్ని కడిగి, జూలు దువ్వి పెట్టాను. జువ్వలదిన్నె మీద బొటనవేలు పెట్టి నొక్కాను. పెదవి జారింది. "పద తల్లీ, పరీక్ష రాసొద్దాం," అన్నాను. పంటు ఎక్కించాను. కాలువ దాటేంతసేపూ అది చెవులు నిక్కపొడుచుకుని నీళ్లను చూస్తూనే ఉంది. గట్టు దిగి షెల్టర్ దాకా ఉన్న దారి కూడా ఇసుకే. నా పక్కన తల ఊపుకుంటూ నడిచింది. కల్నల్ చూసి మేడమ్‌తో ఏదో అన్నారు. మేడమ్ నవ్వారు.

ముందు కుడి గిట్ట సిమెంటు మీద పడింది. టక్ మంది. వెంటనే ఎత్తేసింది. ఎడమ గిట్ట పెట్టింది. దాన్నీ ఎత్తబోయింది, రెండూ ఎత్తలేదు కదా. నేను పగ్గం లాగాను. నాలుగు అడుగులు వేసింది. ఒక్కో అడుగుకూ దాని మెడ నా భుజానికి తగులుతోంది, వణుకుతోంది. తర్వాత ఆగిపోయింది. వెనక కాళ్లు పొట్ట కిందికి తెచ్చుకుంది. ముందు కాళ్లు చాచి, ఒళ్లంతా వెనక్కి వేసి నిలబడింది. జనవరిలో లారీ దిగినప్పుడు ఎట్లా నిలబడిందో అచ్చం అట్లానే.

"చాలు," అన్నారు కల్నల్.

మేడమ్ గబగబా కల్నల్ ముందుకు వచ్చారు. "సర్, ఇసుక మీద చూడండి సర్. పరుగెత్తుతుంది. నేను చూపిస్తాను."

కల్నల్ చెడ్డవాడు కాదు. లేచి ఎండలోకి వచ్చారు. నేను బుల్బుల్‌ను దారి మీదికి తిప్పాను. సిమెంటు అంచు దాటీ దాటగానే దాని వెన్ను సడలింది. పరుగెత్తించమన్నారు, పరుగెత్తించాను. నిజంగానే బాగా పరుగెత్తింది. ఆయన నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని చివరిదాకా చూశారు.

"ఇసుక మీద బాగానే నడిచింది," అన్నారు. "ఎక్స్‌రే తీయండి."

తీశారు. ఒకే తెర మీద జనవరిలో డిపోలో తీసిన బొమ్మ, ఇప్పటి బొమ్మ పక్కపక్కన పెట్టారు. డాక్టర్ చదువు చదవని నాకు కూడా తెలిసింది. ఎముక మొన అప్పటికన్నా ఇంకా కిందికి దిగింది. అరికాలికీ దానికీ మధ్య సన్నటి గీతంత చోటు మిగిలింది.

"మీ సూదులు పనిచేశాయి కెప్టెన్," అన్నారు కల్నల్. ఆ మాట మెల్లగానే అన్నారు. "నొప్పి తగ్గింది. తగ్గింది కాబట్టి నడిచింది. నడిచింది కాబట్టి ఎముక దిగింది."

మేడమ్ తెర మీది ఆ గీత మీద వేలు పెట్టి చూశారు. ఉస్తాద్ స్తంభానికి ఆనుకుని నేలను చూస్తున్నాడు. బోర్డు ముందు సిపాయి నోరు విప్పకూడదు. నేను విప్పాను.

"సర్, దీన్ని నాకిచ్చేయండి. వచ్చే ఏడు పెన్షన్ మీద ఇంటికి పోతున్నాను. బరువు మోయించను, బండి కట్టను. ఎవరికీ అమ్మను. మా ఊరు ఇక్కడే సర్. గట్టి నేల మీద కాలు పెట్టనివ్వను. మా ఊరంతా ఇసుకే సర్."

ఆయన నా మాట పూర్తిగా విన్నారు. మేడమ్ వైపు చూశారు. ఆవిడ వంగి బుల్బుల్ ముందు కాలు ఎత్తి, గిట్ట తన మోకాళ్ల మధ్య పెట్టుకున్నారు. నా చెయ్యి పట్టుకుని, మొదటి రోజు వెన్ను మీద పెట్టినట్టే, నా వేలు దాని అరికాలి మీద పెట్టారు. "వెతుకు," అన్నారు. వెతికాను. గట్టిగా ఉండాల్సిన అరికాలు ఒకచోట మెత్తగా తగిలింది.

"ఎముక అక్కణ్ణుంచే బయటికి వస్తుంది. ఇంకో నెల పట్టొచ్చు. ఇసుక అయినా అంతే, పరుపు అయినా అంతే." ఆ మాట చెబుతున్నప్పుడు ఆవిడ నా ముఖం చూడలేదు.

మిగతా నాలుగింటిలో రెండు బుల్బుల్‌లాగే తప్పాయి, రెండు పాసయ్యాయి. వాటి జబ్బు వేరు, నరాలు పట్టేసిన కాళ్లు. అవి సిమెంటు మీద టకటకా నడిచాయి. వాటికి సంతోషపడాల్సింది. నా వల్ల కాలేదు.

ఆవరణ బయట మా అక్క గంప దించుకుని నిలబడి ఉంది.

"ఏమన్నార్రా?"

"వద్దన్నారక్కా."

"మనం పెట్టుకుంటామని చెప్పినావా?"

"చెప్పినా."

"మన ఇసకలో పడి ఉండేదిరా, ఒక మూల. దానికేం ఖర్చు? నేను చూసుకోనా?" అంది. ఎముక సంగతి చెప్పాను. విన్నది. సిమెంటు ఆవరణ వైపు తిరిగి కాండ్రించి ఉమ్మింది. "పాడు సిమెంటు. చేపలు ఎండేసుకోడానికి తప్ప ఎందుకూ పనికిరాదు." కొంగు నోట్లో కుక్కుకుని, గంప నెత్తికి ఎత్తమని సైగ చేసింది. ఎత్తాను.

ఆర్డరు ఆ సాయంత్రానికే. మళ్లీ పంటు మీద మేట వైపుకు తెచ్చాను. సముద్రం గాలి మొదలైంది. తోపు వెనక, నల్లగుర్రాన్ని పెట్టిన చోటికి పక్కన, మిగతావాళ్లు అప్పటికే తవ్వుతున్నారు. ఇసుక లోపలికి జారుతున్న చప్పుడు వినబడకుండా బుల్బుల్‌ను కాస్త దూరంగా, తడి ఇసుక మీద నిలబెట్టాను. అలవాటుకొద్దీ తల ఉత్తరానికి తిప్పాను. ఉస్తాద్ తల పట్టుకున్నాడు. తన భాషలో దాని చెవిలో ఏదో చెబుతున్నాడు.

మేడమ్ దగ్గర రెండు సిరంజీలు ఉన్నాయి. మొదటిది మత్తుకు, రెండోది ఆ పనికి. మొదటిది చేతిలో పట్టుకుని ఆగిపోయారు.

"ముందు నువ్వు," అన్నారు.

నేను జూలు కింద చెయ్యి పెట్టి, జువ్వలదిన్నె మీద బొటనవేలు ఆనించాను. వేలి కింద కండ ఒక్క క్షణం బిగిసింది. తర్వాత సడలింది. రెప్పలు సగం వాలాయి. నేను అప్పటికే ఏడుస్తున్నాను, చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు. వేలు మాత్రం తీయలేదు. మేడమ్ చెయ్యి మెడ దగ్గరికి వచ్చింది. మళ్లీ వచ్చింది. నా వేలి కింద కండ పూర్తిగా మెత్తబడిపోయేదాకా అట్లానే ఉన్నాను.

క్యాంపు ఎత్తేశాం. టార్పాలిన్ మడిచాం, ట్యాంకు ఖాళీ చేశాం, సూదులు లెక్కపెట్టి పెట్టెలో సర్దాం. లెక్క సరిపోయింది. పాసైన రెండు గుర్రాలను లారీ ఎక్కించి ఉస్తాద్ వాటితో వెళ్లాడు. వెళ్లేటప్పుడు నా భుజం మీద చెయ్యి వేశాడు. మేడమ్‌ను మళ్లీ చూడలేదు. సూదుల వైద్యం మానేశారని విన్నాను. మానకూడదు. ఆ మాట ఆవిడకు చెప్పే దారి నాకు దొరకలేదు.

మరుసటి ఏడు పెన్షన్ మీద ఇంటికొచ్చాను. చేతికి పని కావాలి కదా, తెల్లవారితే ఒడ్డున కూర్చుని వలలు బాగుచేస్తాను. ముడి కోసం బొటనవేలు వెతుకుతుంది. గుంట తగులుతుంది. అక్కడే ఆగిపోతుంది.

ఆ చివరి సాయంత్రం కూడా బుల్బుల్ కింది పెదవి జారింది. తడి ఇసుక రేణువులు నాలుగైదు దానికి అంటుకుని ఉన్నాయి. నాలుక బయటికి వచ్చి వాటిని నాకింది. నొప్పి తగ్గిందనే చెప్పింది, రోజూ చెప్పినట్టే.